యార్డు సిలిండర్ హెడ్లు: అపోహలు - వాస్తవాలు

పాత వాహనాల యార్డులో బోల్టులు విప్పి తెచ్చుకున్న సిలిండర్ హెడ్‌తో (సిలిండర్ల మీద మూతలా బిగించే, వాల్వులుండే భాగం) మంచి ఇంజిన్ తయారు చేసుకోవచ్చు. నేను చాలాసార్లు చేశాను, ఇకముందూ చేస్తాను. అయితే ఈ పనిలో నష్టపోయినవారిలో ఎక్కువమంది కంటికి కనిపించినదాన్ని నమ్మి, కొలవవలసినదాన్ని కొలవకుండా వదిలేసినవారే.

అపోహ: శుభ్రంగా కడిగి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి.

వాస్తవం: బయటపడని పగుళ్లే ఎక్కువ ప్రమాదకరం. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్ల మధ్యనున్న సన్నని లోహపు వంతెన వేడికి మొదట చిట్లుతుంది. ఆ చీలిక వెంట్రుక కన్నా సన్నగా ఉండి, మసి కింద దాగిపోతుంది. పోత ఇనుప హెడ్‌కు అయస్కాంత పరీక్ష పనిచేస్తుంది. అల్యూమినియానికి అయస్కాంతం అంటదు కాబట్టి రంగు ద్రవంతో చూడాలి. నీటి మార్గాల లోపలి పగుళ్లకు మాత్రం వాటిని మూసి, హెడ్‌ను వేడి చేసి, గాలి ఒత్తిడి పెట్టి చూడడమే నమ్మదగిన దారి. షెవ్రొలే 5.3 లీటర్ ఇంజిన్లకు వచ్చిన 706 నంబరు హెడ్లలో కాస్‌టెక్ పోత కంపెనీ గుర్తు ఉన్న కొన్ని లోపల పగిలి, బయట ఒక్క చుక్క కారకుండానే కూలెంట్‌ను నూనెలోకి వదులుతాయి. నేను ఒకసారి వాల్వ్ గైడ్లు మార్పించి, సీట్లు కోయించి, ఫేసింగ్ (అడుగు ముఖాన్ని కోసి చదును చేయడం) కూడా పూర్తయ్యాక ప్రెషర్ పరీక్షకు పంపాను. హెడ్ పగిలి ఉందని అప్పుడు తెలిసింది, ఆ ఖర్చంతా వృథా అయింది. అప్పటినుంచి పరీక్ష ముగిసేవరకు ఏ హెడ్ మీదా ఇతర పని మొదలుపెట్టనివ్వడం లేదు.

అపోహ: వంగిన హెడ్‌కు ఫేసింగ్ చేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ (కామ్) హెడ్‌లోనే తిరిగే ఇంజిన్లలో ఈ నమ్మకం ఖరీదైన పొరపాటు. హెడ్ వంగినప్పుడు అడుగు ముఖంతోపాటు కామ్ తిరిగే బోర్ల వరుస కూడా వంగుతుంది. అడుగు ముఖాన్ని చదును చేసినా ఆ వరుస వంకరగానే మిగిలి, కామ్ బిగుసుకుపోతుంది, కొన్నిసార్లు విరుగుతుంది. అందుకే స్ట్రెయిట్ ఎడ్జ్‌ను, ఫీలర్ గేజ్‌ను కింది ముఖం మీదే కాకుండా కామ్ వైపు కూడా వాడాలి. పైగా లోహం తీసేకొద్దీ కామ్ క్రాంక్‌కు దగ్గరై, వాల్వ్ టైమింగ్ వెనకబడుతుంది. పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య ఖాళీ తగ్గుతుంది. కామ్ బ్లాకులో ఉండి పుష్‌రాడ్లతో వాల్వులను నడిపే వీ ఆకారపు ఇంజిన్లలోనైతే గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ ముఖం కూడా సరిపడకుండా పోతుంది. బాగా వేడెక్కిన అల్యూమినియం హెడ్ మెత్తబడే అవకాశం ఉన్నందున గట్టిదనాన్ని పరీక్షించకుండా దాన్ని తీసుకోవద్దని నా సలహా.

అపోహ: హెడ్ మీద అచ్చైన పోత నంబరు తెలిస్తే దహన చాంబర్ పరిమాణం తెలిసినట్టే.

వాస్తవం: ఆ నంబరు హెడ్ పుట్టినప్పటి రూపాన్ని చెబుతుంది కానీ, తరువాత దాని మీద ఎంత లోహం తీశారో చెప్పదు. 500 సీసీ సిలిండర్‌లో పిస్టన్ పైకి చేరినప్పుడు గాస్కెట్, పిస్టన్ పైభాగాలను కలుపుకొని మిగిలిన ఖాళీ 50 సీసీ అయితే కంప్రెషన్ నిష్పత్తి 11 అవుతుంది. అదే 56 సీసీ అయితే 9.9కి పడిపోతుంది. ఈ తేడా ఇంధనం ఎంపికనూ ఇగ్నిషన్ టైమింగ్‌నూ మార్చేస్తుంది. అందువల్ల పారదర్శక పలక, గ్రీజు, బ్యూరెట్ (కొలత గీతలున్న గొట్టం) తీసుకొని ప్రతి చాంబర్‌నూ విడిగా నింపి కొలవాలి. ఓపిక కావాలి, నిజమే. కానీ మొత్తం పనిలో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం ఇదే.

అపోహ: పోర్టు (హెడ్‌లో గాలి వెళ్లే దారి) ఎంత పెద్దదైతే శక్తి అంత ఎక్కువ.

వాస్తవం: వేగం తగ్గిన గాలి సిలిండర్‌ను సరిగ్గా నింపదు. చిన్న ఇంజిన్‌కు పెద్ద పోర్టు తగిలిస్తే తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు పోతుంది.

అపోహ: ఒకే కుటుంబానికి చెందిన ఇంజిన్ల హెడ్లన్నీ ఒకదానికొకటి సరిపోతాయి.

వాస్తవం: బ్లాకు మీద కూర్చోవడం వేరు, మిగతా భాగాలతో కలవడం వేరు. 1996లో వచ్చిన షెవ్రొలే స్మాల్ బ్లాక్ వోర్టెక్ హెడ్లు పాత బ్లాకులకు సరిపోతాయి. కానీ పాత మానిఫోల్డ్‌కు 12 బోల్టులుంటే వీటికి 8 మాత్రమే, కాబట్టి మానిఫోల్డ్ కూడా కొత్తగా వెతుక్కోవాలి. ఓవర్‌హెడ్ కామ్ (కామ్ హెడ్‌లోనే ఉండే) హెడ్ విప్పుతున్నప్పుడు కామ్‌ను పట్టి ఉంచే దాని క్యాపులన్నింటినీ వరుస గుర్తులు పెట్టి వెంట తెచ్చుకోండి. హెడ్‌తో కలిపి బిగించి బోరు చేసిన క్యాపులవి. మరో హెడ్ నుంచి తెచ్చి పెడితే వరుస కుదరదు.