రగ్బీ పోస్టర్: బంతి కోలగా ఉంటే సరిపోదు

నేను హైదరాబాద్‌లో పోస్టర్లు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. కబడ్డీ, క్రికెట్ టోర్నమెంట్లు ఎక్కువ, మధ్యలో రగ్బీ కూడా. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగి, అందులో హైదరాబాద్ హీరోస్ ఆడాక ఈ ఆట పేరు మనవాళ్ల చెవిన కొంచెం పడింది. కానీ రగ్బీ పోస్టర్ అనగానే పని ఇచ్చేవాళ్లూ, కొత్తగా డిజైన్‌లోకి వచ్చినవాళ్లూ అనే మాటలు మాత్రం అవే.

అపోహ: కోలబంతి పట్టుకుని పరిగెత్తేవాడి ఫోటో ఏదైనా పర్లేదు

ఈ తప్పు నేనే చేశాను. నా మొదటి రగ్బీ పోస్టర్‌కి ఫోటోల సైట్‌లో వెతికి, మొహానికి జాలీ ఉన్న హెల్మెట్, భుజాల మీద ప్యాడ్లతో దూసుకొస్తున్న ఆటగాడి బొమ్మ పెట్టాను. రాత్రి పదకొండింటికి జట్టు కెప్టెన్ ఫోన్ చేశాడు. "అన్నా, పోస్టర్ సూపర్ ఉంది. కానీ ఇది అమెరికన్ ఫుట్‌బాల్." అప్పటికే యాభై కాపీలు ప్రింట్ అయి కూర్చున్నాయి. ఆ డబ్బులు నా జేబులోంచే పోయాయి.

రగ్బీలో గట్టి హెల్మెట్ ఉండదు. పెట్టుకుంటే మెత్తటి టోపీ లాంటిది పెట్టుకుంటారు, అదీ కొందరే. బంతి చివరలు గుండ్రంగా ఉంటాయి, పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు. చివరలు మొనదేలి, మీద లేసు కుట్లు కనిపిస్తే అది అమెరికా బంతి. గోల్ స్తంభాలు కూడా చూడండి. రగ్బీవి ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా నేలలోంచి రెండుగా లేస్తాయి. రెంటి మధ్య 5.6 మీటర్లు, అడ్డ కర్ర 3 మీటర్ల ఎత్తులో. కింద ఒకే స్తంభం ఉండి పైన రెండుగా చీలితే ఆ ఫోటో పక్కన పెట్టేయండి.

ఆట సరిగ్గా ఉన్నా రకం తప్పొచ్చు. రగ్బీలో యూనియన్, లీగ్, సెవెన్స్ అని రకాలున్నాయి. యూనియన్‌లో జట్టుకి 15 మంది, లీగ్‌లో 13, సెవెన్స్‌లో 7. యూనియన్ స్క్రమ్‌లో ఒక్కో వైపు 8 మంది తలలు దూర్చి తోసుకుంటారు, సెవెన్స్‌లో ముగ్గురే. సెవెన్స్ టోర్నమెంట్ పోస్టర్ మీద పదహారు మంది స్క్రమ్ పెడితే తెలిసినవాడు నవ్వుకుంటాడు. ఫోటోలో బంతి కనిపించలేదని విడిగా కత్తిరించి, పరిగెత్తేవాడి చేతుల ముందు గాల్లో అతికిస్తారు కొందరు. ఈ ఆటలో చేత్తో బంతిని ముందుకు విసరకూడదు. అంటే మీ పోస్టర్ హీరో ఫౌల్ చేస్తున్నట్టు.

అందుకే పని ఒప్పుకోగానే నా మొదటి ప్రశ్న: "ఏ రగ్బీ?" జవాబును బట్టి టైమ్ రాసే పద్ధతి కూడా మారుతుంది. పదిహేను మంది మ్యాచ్ 80 నిమిషాలు, ఒక కిక్‌ఆఫ్ టైమ్ వేస్తే చాలు. సెవెన్స్ మ్యాచ్ ఏడేసి నిమిషాల రెండు భాగాలు, రోజంతా ఒకదాని వెనక ఒకటి. అక్కడ "ఉదయం 8 గంటలకు" అని మాత్రమే వేస్తే, తొమ్మిదింటికి నిద్ర లేచినవాడు మ్యాచ్ అయిపోయిందనుకుని రాడు. "ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా" అని వేయాలి.

అపోహ: బురద, రక్తం, గర్జించే పులి లేకపోతే రగ్బీ అనిపించదు

మన దగ్గర ఈ పోస్టర్ చూసేవాళ్లలో చాలామంది ఆటను ఎప్పుడూ చూడలేదు. పిల్లల్ని పంపాలా వద్దా అని ఆలోచించే అమ్మానాన్నలు కూడా అందులో ఉంటారు. వాళ్లకి రక్తం చూపిస్తే పని అయినట్టే. నేనైతే ఖాళీ మైదానంలో ఒక్కడు పరిగెత్తడం, వెనక ఇద్దరు అందుకోలేక చేతులు చాచడం తీసుకుంటాను. కబడ్డీ చూసిన కళ్లకి అది వెంటనే అర్థమవుతుంది.

న్యూజిలాండ్ రగ్బీ జట్టు మ్యాచ్ ముందు చేసే హాకా నాట్యం ఫోటో అడిగేవాళ్లూ ఉన్నారు. అది అక్కడి ఆదివాసులైన మావోరీలది, మనం అలంకారంగా వాడుకునేది కాదు. "కా మాతే" హాకాను కొన్ని రకాలుగా వాడేటప్పుడు దాన్ని కట్టిన తే రౌపరాహా పేరు చెప్పాలని 2014లో అక్కడ చట్టమే చేశారు. మన దేశంతో ముడిపడిన కథ కావాలంటే కలకత్తా కప్ ఉంది. కలకత్తాలోని రగ్బీ క్లబ్ మూతపడ్డప్పుడు మిగిలిన వెండి రూపాయలు కరిగించి చేయించిన కప్పు అది. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ దాని కోసం ఆడుతున్నాయి. "ఈ ఆట మనకేం సంబంధం" అన్న ఒక స్పాన్సర్‌కి ఇది చెబితే కుర్చీ ముందుకు జరుపుకుని విన్నాడు.

అపోహ: తెలుగు అక్షరాలు స్పోర్ట్స్ పోస్టర్‌కి నప్పవు

నప్పకపోవడానికి కారణం మనం ఇంగ్లిష్‌కి చేసినట్టే తెలుగుకీ చేయడం. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఇటుకల్లా పేర్చొచ్చు. మనకి పైన గుడులు, కింద వత్తులు. "రగ్బీ" అన్న మాటే తీసుకోండి. మూడు చదరపు అంగుళాల చోటులో పైన దీర్ఘం, కింద బ వత్తు. లైన్ల మధ్య దూరం తగ్గిస్తే ఆ బ వత్తు కింది లైన్‌లో "మ్యాచ్" నెత్తిన పడుతుంది. నేను మొదట రెండు లైన్లనీ మామూలు దూరంలో పెట్టి, వత్తు కిందికి వచ్చే చోట కింది లైన్‌లో తలకట్టు తక్కువ ఉన్న అక్షరం పడేలా పక్కకి జరుపుతాను. రెండూ తాళంలో చెవిలా ఇమిడిపోతాయి. లావు అక్షరం కావాలంటే రామభద్ర ఫాంట్ ఉచితంగానే దొరుకుతుంది. దూరానికి బాగా ఆనుతుంది.

పాత ఫోటోషాప్ వెర్షన్లలో భారతీయ భాషల టెక్స్ట్ సెట్టింగ్ ఆన్ చేయకపోతే అదే మాట "రగ్‌బీ" అని విడిపోయి, గ నెత్తిన పొల్లుతో వస్తుంది. ప్రింటింగ్ షాపులో తెలుగు చదవని ఆపరేటర్‌కి అది తప్పని తెలియదు. మనం ఫోన్లో, కంప్యూటర్లో మామూలుగా టైప్ చేసే యూనికోడ్ టెక్స్ట్‌ని షాపులో పాత పద్ధతి అను ఫాంట్‌లోకి మారిస్తే ఇంకా ఘోరం. అందుకే ఫైల్ పంపేముందు అక్షరాలన్నీ ఔట్‌లైన్‌గా, అంటే ఉత్త బొమ్మలుగా మార్చేస్తాను. తర్వాత ఎవడూ ముట్టుకోలేడు, తేదీ మారిస్తే నాకూ తలనొప్పే అనుకోండి.

అపోహ: ఫ్లెక్సీకి కూడా 300 డీపీఐ ఉండాల్సిందే

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. చేతిలో పట్టుకునే ఏ3 పోస్టర్‌కి 300 ఉండాలి. పదడుగుల ఫ్లెక్సీని 300లో చేస్తే ఒక వైపే 36,000 పిక్సెళ్లు. ఫోటోషాప్ మామూలు ఫైల్ (పీఎస్‌డీ) 30,000 దాటి సేవ్ అవ్వదు. బండి మీద పోతూ చూసే బొమ్మకి 72 నుంచి 100 చాలు.

అపోహ: ముఖ్య అతిథుల ఫోటోలు లేకపోతే పోస్టర్ వేయలేం

దీన్ని అపోహ అంటే నిర్వాహకులు ఒప్పుకోరు. పోయినసారి పదకొండు తలకాయలు ఇచ్చారు, అందులో రెండు వాట్సాప్ డీపీలోంచి తీసినవి. అవన్నీ వేశాక ఆటగాడికి అరచేతి వెడల్పు మిగిలింది, గ్రౌండ్ పేరు అడుగున చీమల బారు అయింది. వద్దంటే గొడవ. చివరికి రెండు ఫైళ్లు చేశాను. గోడల మీదికి వెళ్లే పోస్టర్‌లో ఆటగాడు, తేదీ, వారం, టైమ్, గ్రౌండ్, "ప్రవేశం ఉచితం". గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీలో పదకొండు మందీ, పైన "స్వాగతం సుస్వాగతం". డబ్బులు మాత్రం ఒక డిజైన్‌కే ఇచ్చారు.