పులిజూదం అరుగు మీద నేర్చుకున్న పని: స్ట్రాటజీ గేమ్ డిజైనర్ గురించి అపోహలు - వాస్తవాలు

మా కావలిలో ఏ పెళ్లికి పోయినా ఇదే అడుగుతారు: "ఇంకా ఆ ఆటల్లోనే ఉండావా అబ్బాయ్?" పదకొండేళ్లుగా కంప్యూటర్ స్ట్రాటజీ గేములు, అంటే ఎత్తులు వేసి గెలిచే ఆటలు, డిజైన్ చేస్తున్నాను. పెద్దవాళ్ల అనుమానాలకూ, ఫోన్ చేసి సలహా అడిగే ఇంజనీరింగ్ పిల్లలకూ కలిపి ఇది రాస్తున్నా.

అపోహ: గేమ్స్ బాగా ఆడేవాళ్లే డిజైనర్లు అవుతారు

ఆడే అలవాటు ఉండాల్సిందే. కానీ నా పనిలో సగం, వేరేవాళ్లు ఆడుతుంటే పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడటం. ఎక్కడ చెయ్యి ఆగింది, ఎక్కడ ఆలోచించకుండా నొక్కేశారు, అన్నీ రాసుకోవాలి. ఆలోచించకుండా నొక్కారంటే, అక్కడ నేనిచ్చిన రెండు దారుల్లో ఒకటి ఉత్తుత్తిదే. దాన్ని తీసెయ్యాలి, లేదా దానికీ ఒక లాభం పెట్టాలి.

అపోహ: రెండు పక్షాలకూ సమాన బలం ఇస్తేనే ఆట న్యాయంగా ఉంటుంది

కొత్తగా వచ్చే ప్రతివాళ్లూ ఇక్కడే పడతారు, నేనూ పడ్డాను. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో గుడి అరుగు రాతి మీద పులిజూదం గీతలు చెక్కి ఉంటాయి. 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు. పులి మేక మీదుగా దూకి తినేస్తుంది. మేక ఎవర్నీ తినలేదు. అయినా మేకలన్నీ ఒకదానికొకటి దన్నుగా నిలబడి పులుల్ని కదలనీకుండా చేస్తే గెలుపు మేకలదే. బలాల్లో పోలికే లేదు, ఏ పక్క కూర్చున్నా గెలుస్తామన్న ఆశ మాత్రం ఉంటుంది. అమ్మమ్మ ఎప్పుడూ మేకల పక్కే కూర్చునేది. తొందరపడి ఒక్క మేకను కూడా దన్ను లేని చోట పెట్టేది కాదు. ఇరవై రకాల సైన్యాలున్న గేముకు లెక్కలు వేసేటప్పుడు ఇప్పటికీ నాకు ఆ అరుగే గుర్తొస్తుంది.

అపోహ: కోడింగ్ రాకపోతే ఇందులో అడుగు పెట్టలేం

కొంత వస్తే మేలే. కానీ తొలి రూపం నేనెప్పుడూ కాగితం మీదే చేస్తాను. ఇప్పుడు సొంతంగా చేస్తున్న ఆట కాటమరాజు కథ మీద. 13వ శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధికీ యాదవ నాయకుడు కాటమరాజుకీ పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) దగ్గర వచ్చిన తగాదా యుద్ధం దాకా పోయింది. మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన నేలకొరిగింది ఆ పోరులోనే. గడ్డి, నీళ్లు, పన్ను, మాట పట్టింపు: స్ట్రాటజీ గేముకు ఇంతకన్నా ఏం కావాలి?

చార్ట్ మీద బీళ్లు గీసి, పశువులకు చింతపిక్కలు, పుల్లరికి గవ్వలు పెట్టి మా మామను కూర్చోబెట్టాను. ఆయనకు గేదెలున్నాయి. మూడో ఆటకల్లా చింతపిక్కలన్నీ ఏటి గట్టు గడిలోకి జరిపేసి చేతులు కట్టుకున్నాడు. "ఏంది అల్లుడూ, మందంతా ఈడే పెట్టుకుంటే సరిపాయె గదా! ఇంకెక్కడికో పొయ్యి పుల్లరెందుకు కట్టాల?" అన్నాడు. ఆ ఒక్క ఎత్తుతో ఎన్నిసార్లు ఆడినా ఆయనదే గెలుపు. నాకు నోట మాట రాలేదు. మళ్లీ ఆయనే అన్నాడు: "నిజానికైతే ఒకే చోట మేపితే నెల్లాళ్లకు మట్టే మిగిలేది."

మేసిన గడిలో మరుసటి కార్తెకు గడ్డి సగమే ఉంటుందని పెన్సిలుతో రాశాను. అంతే, మంద కదలక తప్పలేదు, కదిలితే పుల్లరి తగాదా తప్పలేదు. ఇదే తప్పు కోడ్ అంతా రాశాక బయటపడి ఉంటే వారాల పని పోయేది.

అపోహ: గొప్ప ఐడియా ఒకటి తడితే చాలు

1991లో వచ్చిన సివిలైజేషన్ అనే స్ట్రాటజీ గేము సంగతి చూడండి. దాన్ని చేసిన సిడ్ మియర్ ముందు కాలం ఆగకుండా నడిచే ఆటగానే మొదలుపెట్టాడు, తర్వాతే వంతులవారీగా మార్చాడు. ఆట మరీ సాగదీసినట్టుందని పటాన్ని సగానికి కోసేశాడు. ప్రతి రూపాన్నీ ఆడి అభిప్రాయం చెప్పడానికి పక్కన బ్రూస్ షెల్లీ ఉన్నాడు. ఆ షెల్లీయే తర్వాత 1997 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే మరో స్ట్రాటజీ గేముకు పనిచేశాడు. వేసిన పునాదిని కూడా తవ్విపారేసే ధైర్యం ఉండాలి, తవ్వమని చెప్పే మనిషీ ఉండాలి.

అపోహ: ఒకసారి ఉద్యోగం వస్తే ఇక ఢోకా లేదు

ఉంది. నేను రెండేళ్లు పనిచేసిన ఆట విడుదల కాకుండానే ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమే టీమ్ మొత్తాన్ని ఇంటికి పంపేశారు. చాలా బాధపడ్డాను. అందుకే పిల్లలకు చెప్పేది ఒకటే: చిన్నదైనా సరే, మొదలుపెట్టిన ఆటను పూర్తి చేసి నలుగురి చేత ఆడించండి. ఇంటర్వ్యూలో మీ తరఫున మాట్లాడేది అదే.

కాటమరాజు పటం నాలుగోసారి గీశాను. సంక్రాంతికి మళ్లీ ఆడతాం. ఈసారి మామ మనుమసిద్ధి పక్క కూర్చుంటానన్నాడు.