సూది పట్టిందా?

ఎంవీపీ కాలనీలో మా పక్కింటి కుర్రాణ్ణి కుక్క కరిచింది. టీకాల కోర్సు పూర్తయ్యాక వాళ్ల నాయనమ్మ నన్ను ఆపి అడిగింది: "అన్ని సూదులేయించాం గదా బాబూ, పట్టాయో లేదో ఎలా తెలుస్తాది?"

టీకాలు తయారుచేసేవాళ్ల టెన్షన్ కూడా అదే.

సులువైన దారి ఎలీసా. 1971లో స్వీడన్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ వెలువరించిన పద్ధతి. ప్లాస్టిక్ ప్లేటు గుంటల్లో వైరస్ ముక్కల్ని అంటించి, రక్తం గడ్డకట్టాక పైన మిగిలే సీరం పోస్తారు. వైరస్‌ను పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకున్న ప్రొటీన్లు, అంటే యాంటీబాడీలు, ఆ ముక్కల్ని పట్టుకుంటే చివర్లో రంగు తేలుతుంది. కొన్ని గంటల పని. కానీ పట్టుకున్నవన్నీ వైరస్‌ను ఆపలేవు. కొన్ని గుంపులో గోవిందా బాపతు.

ఆపేవాటిని లెక్కపెట్టాలంటే సీరాన్ని వైరస్‌తో కలిపి, బతికున్న కణాల మీద పోసి చూడాల్సిందే. 1952లో వైరస్‌ల శాస్త్రవేత్త డుల్బెకో ఈ లెక్కకు దారి చూపాడు. కణాల పొర మీద జెల్లీలా గట్టిపడే అగార్ పోస్తే వైరస్ దూరం పోలేదు. పడ్డచోటే చుట్టుపక్కల కణాల్ని చంపి చిన్న మచ్చ వదులుతుంది. మచ్చలు ఎన్ని తగ్గితే సీరం అంత గట్టిది.

ఎంత గట్టిదో తేల్చడానికి సీరాన్ని పలచన చేస్తూ పోతారు. నాయనమ్మకైతే మజ్జిగతో చెప్పాను: ఎన్ని గ్లాసుల నీళ్లు పోసినా పులుపు తెలుస్తోందంటే పెరుగు అంత పుల్లనిదన్నమాట. మచ్చలు సగానికి తగ్గే ఆఖరి పలచనే ఇక్కడ జవాబు.

రేబిస్‌తో ఓ తిరకాసు ఉంది. అది కణాల్ని అంత తేలిగ్గా చంపదు, మచ్చలు సరిగా కనబడవు. అందుకే 1973లో వచ్చిన పద్ధతిలో సీరం, వైరస్ కలిపి గంటన్నర ఉంచి, కణాలు చేర్చి, దాదాపు ఒక రోజు ఆగుతారు. తర్వాత మెరిసే రంగు పట్టిస్తే, వైరస్ సోకిన కణాలు మైక్రోస్కోపులో ఆకుపచ్చగా వెలుగుతాయి. బతికున్న రేబిస్ వైరస్‌తో పని కాబట్టి ప్రతి ల్యాబూ దీని జోలికి పోదు.

కణాలు, వైరస్ మోతాదు, లెక్కపెట్టే కన్ను ఏ కాస్త మారినా అంకె మారిపోతుంది. అందుకని బలం ముందే తెలిసిన ప్రామాణిక సీరాన్ని పక్కనే పెట్టి పోలుస్తారు. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉంటే చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. టీకాకు ఒళ్లు సరిగా స్పందించిందనడానికి అది గుర్తు. మనుషులకు రేబిస్ ఎక్కించి తేల్చిన గీత కాదు, తేల్చలేం కూడా.

"అయితే మావోడికీ తీయించాలేటి?"

అక్కర్లేదన్నాను. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకూ, రేబిస్ ల్యాబుల్లో పనిచేసేవాళ్లకూ ఆ పరీక్ష కావాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు, డోసులన్నీ తేదీ తప్పకుండా పడ్డాయి.

"మా మజ్జిగైతే రెండో గ్లాసుకే చప్పబడిపోతాది బాబూ," అంటూ లోపలికి వెళ్లిపోయింది.