నాటక సమాజానికి మంగళం పాడేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

మా సమాజం 20 ఏళ్లకు పైగా సెట్టు వ్యానులో వేసుకుని ఊరూరా తిరిగి నాటకాలాడింది. ఎవరికీ జీతాల్లేవు. ఆఖరి ఏళ్లలో కార్యదర్శిని నేనే కాబట్టి మూసివేత కూడా నా చేతుల మీదుగానే జరిగింది. తర్వాత మరో రెండు సమాజాల వాళ్లు సలహాకి వస్తే వాళ్లతోనూ కూర్చున్నాను. ప్రతిచోటా దాదాపు ఇవే మాటలు విన్నాను.

అపోహ: ఆపేస్తున్నామంటే ఓడిపోయినట్టే.

వాస్తవం: మనుషులు అలిసిపోవడం వల్లే సమాజాలు ఎక్కువగా ఆగిపోతాయి. వ్యాను నడిపేవాళ్లు, సెట్టు దించేవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగులుతారు. వాళ్లకి వయసు మీదపడుతుంది. ఒకరికి జబ్బు చేస్తే ఒప్పుకున్న ప్రదర్శన రద్దవుతుంది. అంతదాకా రాకముందే, ఇంకా ఓపిక ఉన్నప్పుడే తేదీ పెట్టుకోవడం బాధ్యత. నృత్యదర్శకుడు మెర్స్ కన్నింగ్‌హామ్ తన తర్వాత బృందం ఏమవ్వాలో బతికుండగానే నిర్ణయించారు. ఆయన 2009లో కన్నుమూశాక బృందం దాదాపు రెండేళ్లు ప్రపంచమంతా తిరిగి, 2011 డిసెంబర్ 31న న్యూయార్క్‌లో ఆఖరి ప్రదర్శన ఇచ్చి ఆగిపోయింది. దాన్ని ఓటమి అని ఎవరంటారు?

అపోహ: పోయేముందు ఒక కొత్త నాటకం ఘనంగా వేద్దాం.

వాస్తవం: వద్దు. కొత్త నాటకమంటే కొత్త అప్పు, మూడు నెలల రిహార్సళ్లు. అందరికీ కంఠస్థమైన పాతదే వేయండి.

అపోహ: సామాను మనదే కదా, తలా కాస్త పంచుకుంటే సరి.

వాస్తవం: ఎక్కువ తగాదాలు పుట్టేది ఇక్కడే. నమోదైన లాభాపేక్ష లేని సంస్థ ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. ముందు బాకీలు తీర్చాలి. ఫలానా పనికని ఇచ్చిన విరాళం మిగిలితే దాతను అడగాలి. ఆపైన ఉన్నది అలాంటి ఆశయాలే ఉన్న మరో సంస్థకు చేరాలి. మీ నియమావళిలో రద్దుకు సంబంధించిన నిబంధన ఉంటుంది, తీసి చదవండి. మేం మాది తెరిచి చూడడం అదే మొదటిసారి.

సామాను జాబితా రాసేటప్పుడు ప్రతి వస్తువు పక్కనా అది ఎవరిదో రాయండి. మా గదిలో ఉన్న కుర్చీల్లో సగం ఎవరెవరో ఎరువిచ్చినవని అప్పుడే తేలింది. కుర్రాళ్ల బృందానికి లైట్లు ఇచ్చేస్తే పుణ్యమనుకుంటాం. కానీ బాగా పాత స్టేజి లైట్ల వైర్లకు ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ తొడుగు ఉండొచ్చు. తెలిసినవాళ్లకు చూపించకుండా ఇవ్వకండి, విప్పకండి. తెరలకు పట్టించిన మంటనిరోధక మందు కూడా ఉతికేకొద్దీ పోతుంది. కొత్తవాళ్లకు ఆ మాట చెప్పి ఇవ్వాలి.

అపోహ: సమాజంతోపాటే నాటకాలూ పోతాయి.

వాస్తవం: పోనివ్వకపోతే పోవు. మనవాళ్లు రాసిన నాటకం మీద హక్కు సమాజం రద్దవగానే మాయం కాదు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత మరణించాక కనీసం 50 ఏళ్లు అది నిలుస్తుంది. నలుగురు కలిసి రిహార్సల్లో అల్లిన నాటకమైతే అందులో ఎవరి వాటా ఎంతో, రేపు ఎవరైనా ఆడతామంటే అనుమతి ఎవరివ్వాలో కాగితం మీద రాసి అందరి సంతకాలూ తీసుకోండి. బయటి రచయిత దగ్గర తెచ్చుకున్న అనుమతి మాత్రం సమాజానికే పరిమితం, సామానుతోపాటు దాన్ని ఇంకొకరికి ఇవ్వలేం.

ప్రాంప్టింగ్ ప్రతి (తెర పక్కనుంచి మాటలు అందించడానికి వాడేది), లైటింగ్ షీటు, సెట్టు కొలతలు, ఫొటోలు ఒక్కో నాటకానికి ఒక్కో పెట్టెలో కట్టి గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో అప్పగించండి. వీడియో క్యాసెట్లుంటే ముందు వాటి సంగతి చూడండి. వాటిని ఆడించే వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది, టేపు మీది బొమ్మ ఏటికేడు చెరిగిపోతోంది.

అపోహ: బ్యాంకు ఖాతా మూసేస్తే పనైపోయినట్టే.

వాస్తవం: ఖాతా మూయాల్సింది అన్నిటికన్నా చివర. బిల్లులు ఆలస్యంగా వస్తాయి. పాత ప్రదర్శనలో దెబ్బ తగిలిందని ఎవరైనా తర్వాత క్లెయిమ్ వేయొచ్చు. అందుకే బీమా పత్రాలు, లెక్కలు ఎవరింట్లో ఉంటాయో ఆఖరి సమావేశం మినిట్సులో రాయించండి.

అపోహ: ఉన్న సభ్యులకు చెబితే చాలు.

వాస్తవం: నేనూ అలాగే అనుకుని తప్పు చేశాను. మా వేషాలన్నీ ఏళ్ల తరబడి కుట్టిన ఆవిడ, మోకాళ్ల నొప్పులతో టూర్లు మానేసి ఇంటి పట్టునే ఉంటున్నారు. కబురు ఆవిడకి బయటివాళ్ల ద్వారా చేరింది. తెలిసి పరుగెత్తాను. "నువ్వొచ్చి చెప్పాల్సింది నాయనా" అన్నారు, అంతే. ఆ తర్వాత రెండు వారాలు పాత రిజిస్టర్లు ముందేసుకుని, తెర లాగినవాళ్లతో సహా ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాను. ఆఖరి ప్రదర్శనకి ఆవిడ వచ్చారు. లోపల మేకప్ గదిలో కూర్చుని, ఊడిన గుండీ ఒకటి కుట్టారు.