వెక్టర్ నుంచి బిట్‌మ్యాప్‌కు: అంచులు ఎందుకు పళ్లు తేలతాయి? అపోహలు - వాస్తవాలు

శుభలేఖలోని పేర్లు కోరల్‌డ్రాలో ఎంత పెద్దవి చేసి చూసినా నున్నగా ఉండి, వాట్సాప్‌లో పంపడానికి జేపీజీ చేయగానే అంచులు రంపపు పళ్లలా తేలడం డీటీపీ పనిలో ఉన్నవారందరికీ అనుభవమే. కోరల్‌డ్రాలోని అక్షరం వెక్టర్, అంటే గణిత లెక్కగా దాచిన గీత; జేపీజీ బిట్‌మ్యాప్, అంటే పిక్సెళ్లనే చిన్న రంగు గడుల కూర్పు. మన లిపి నిండా వంపులే కాబట్టి ఈ లోపం తెలుగు అక్షరాల్లో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీని చుట్టూ అల్లుకున్న కొన్ని నమ్మకాలను సరిచేయడం అవసరమని నా అభిప్రాయం.

అపోహ: 300 డీపీఐ పెడితే చాలు.

వాస్తవం: డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్న లెక్క మాత్రమే, బొమ్మ కొలత తెలియనిదే ఆ అంకెకు అర్థం లేదు. 300 డీపీఐలో ఏ4 కాగితం 2480 × 3508 పిక్సెళ్లు అవుతుంది, కాని రెండంగుళాల లోగోకు అదే 300లో వచ్చే వెడల్పు 600 పిక్సెళ్లే; దాన్ని 1080 పిక్సెళ్ల తెరకు సాగదీస్తే అంచులు చెడక మానవు. తెర కోసం చేసే బొమ్మకు కొలతలను పిక్సెళ్లలోనే ఇవ్వాలి. చిన్నగా తీసిన బొమ్మను తర్వాత ఫొటోషాప్‌లో పెంచుకోవచ్చన్నది కూడా సరికాదు. మూల ఫైలుకు వెళ్లి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడమే దారి.

అపోహ: యాంటీ ఎలియాసింగ్ (అంచు గడులకు నడిమి రంగులు వేసి నునుపు తెచ్చే పద్ధతి) అక్షరాన్ని మసక చేస్తుంది, తీసేస్తేనే స్పష్టత.

నేను ఎక్కువగా వినే మాట ఇదే. తెల్లని నేల మీద నల్లని 'ర'ను ఎక్స్‌పోర్ట్ చేసి, 1600 శాతానికి పెంచి దాని వంపును చూడండి. వంపు ఒక పిక్సెల్‌లో సగం మేరకే పడిన చోట ఆ గడి నడిమి బూడిద రంగులో ఉంటుంది, పావు మేరకే పడిన చోట ఇంకా లేతగా ఉంటుంది. దూరం నుంచి చూసినప్పుడు ఈ లేత గడులన్నీ కలిసే కంటికి నున్నని గీతగా తోస్తాయి. యాంటీ ఎలియాసింగ్ తీసేస్తే ప్రతి గడీ నలుపో తెలుపో ఏదో ఒకటి కావాల్సిందే కాబట్టి వంపు మెట్లుగా విరుగుతుంది. అయితే పట్టికల సన్నని గీతలు మసకబారుతాయన్న ఫిర్యాదులో నిజం ఉంది: ఒక పిక్సెల్ మందం గీత రెండు గడుల మధ్య పడితే నల్లని గీత ఒకటి రావాల్సిన చోట బూడిద గీతలు రెండు వస్తాయి. దానికి మందు ఆ గీతను పిక్సెల్ గ్రిడ్‌కు సరిగ్గా జరపడమే. స్క్రీన్ ప్రింటింగ్‌కు ఇచ్చే ఒక బిట్ నలుపు-తెలుపు ఫైలు సంగతి వేరు. అందులో బూడిద రంగుకు చోటే లేదు కనుక 1200 డీపీఐ వంటి ఎక్కువ రిజల్యూషన్‌తోనే నునుపు తేవాలి.

అన్నీ సరిచూసుకున్నా మెట్లు కనిపిస్తుంటే, కావలసిన కొలతకు నాలుగు రెట్లలో ఎక్స్‌పోర్ట్ చేసి, చుట్టుపక్కల గడుల రంగులను కలిపే బైక్యూబిక్ పద్ధతిలో తగ్గించండి. అప్పుడు దాదాపు పదహారు గడుల రంగు కలిసి ఒక గడి అవుతుంది. తగ్గించేటప్పుడు ఏదో ఒక్క గడి రంగునే తీసుకునే 'నియరెస్ట్ నైబర్' ఎంచుకుంటే మాత్రం ఆ శ్రమంతా వృథా.

అపోహ: పీఎన్‌జీ చేస్తే అంచులు వాటంతట అవే బాగుపడతాయి.

వాస్తవం: పీఎన్‌జీ అంచును గీయదు, గీసినదాన్ని చెడకుండా దాస్తుంది. జేపీజీ సాధారణంగా రంగు వివరాన్ని తక్కువ రిజల్యూషన్‌లో దాస్తుంది కాబట్టి ఎర్రని అక్షరాల చుట్టూ మరక తేలుతుంది. జిఫ్‌లో గడి పూర్తిగా పారదర్శకం కావాలి, లేదా అసలు కాకూడదు. ఒకసారి తెల్లని నేల మీద తయారుచేసిన జిఫ్ లోగోను నేను మెరూన్ బ్యానర్ మీద పెట్టినప్పుడు ప్రతి అక్షరం చుట్టూ తెల్లని అంచు మిగిలిపోయింది. ఆల్ఫా (ప్రతి గడి ఎంత పారదర్శకమో చెప్పే సమాచారం) ఉన్న పీఎన్‌జీలో పారదర్శకతకు సాధారణంగా 256 స్థాయిలు ఉంటాయి కనుక ఆ తిప్పలు ఉండవు.

అపోహ: సీడీఆర్ (కోరల్‌డ్రా), ఏఐ (ఇలస్ట్రేటర్) ఫైలులో ఉన్నదంతా వెక్టరే.

కస్టమర్ ఇచ్చిన లోగో చాలాసార్లు ఆ ఫైలులో అతికించిన ఫొటోయే అయి ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్-వై నొక్కితే నిజమైన వెక్టర్ గీతలుగా కనిపిస్తుంది, ఫొటో అయితే ఒట్టి పెట్టెగా కనిపిస్తుంది. పెట్టె కనిపిస్తే ఏ ఎక్స్‌పోర్ట్ సెట్టింగూ దాని అంచులను నున్నగా చేయలేదు. పెన్ టూల్‌తో ఆ లోగోను కొత్తగా గీసుకోవాలి.