పార్టిషన్ చేసిన సర్వర్లలో డేటాబేస్: కనిపించే ప్రాసెసర్లు, దక్కే ప్రాసెసర్లు

నిన్నటిదాకా బాగానే నడిచిన డేటాబేస్ ఉన్నట్టుండి నత్తనడక మొదలుపెడుతుంది. డేటాబేస్‌ను చూసుకునే డీబీఏ చూస్తే 32 సీపీయూలు కనిపిస్తాయి. సర్వర్ టీమ్‌ను అడిగితే మీకు కేటాయించింది 2 ప్రాసెసర్లే అంటారు. లైసెన్సులు చూసేవాళ్ల లెక్క ఇంకొకటి. ముగ్గురూ చెప్పేది నిజమే. ఆ లెక్కలు ఎక్కడ విడిపోయాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఒక పెద్ద యంత్రాన్ని భాగాలు చేసి వాడుకోవడం మెయిన్‌ఫ్రేమ్‌ల నాటి అలవాటే. 1988లో ఐబీఎం తన 3090 యంత్రాల్లో పీఆర్/ఎస్‌ఎం పేరుతో దాన్ని యంత్రంలోనే భాగం చేసింది. యూనిక్స్ వైపు 1997లో సన్ ఈ10000 సర్వర్‌లో డొమైన్లు అనే విడివిడి భాగాలు వచ్చాయి. 2001లో పవర్4 చిప్‌తో వచ్చిన ఐబీఎం పీ690లో ఎల్‌పార్‌లు, అంటే లాజికల్ పార్టిషన్లు, మొదలయ్యాయి. అప్పట్లో ఎల్‌పార్‌కు ఇస్తే ప్రాసెసర్‌ను పూర్తిగానే ఇవ్వాలి. డేటాబేస్‌కు నాలుగు కనిపించాయంటే ఆ నాలుగూ దానివే.

చిక్కు 2004లో పవర్5తో వచ్చింది. మైక్రో పార్టిషనింగ్ వల్ల ఒక ప్రాసెసర్‌లో పదో వంతు కూడా కేటాయించే వీలు కలిగింది, ఆపైన నూరో వంతు చొప్పున పెంచుకోవచ్చు. ఖాళీగా పడి ఉన్న ప్రాసెసర్లను నలుగురూ వాడుకోవడానికి ఇది నిజంగా గొప్ప ఏర్పాటు. అయితే అప్పటి నుంచి పార్టిషన్‌కు రెండు అంకెలు వచ్చాయి. ఎన్‌టైటిల్‌మెంట్, అంటే ఎప్పుడైనా సరే కచ్చితంగా దక్కే వాటా. రెండోది వర్చువల్ ప్రాసెసర్ల సంఖ్య, అంటే పార్టిషన్‌కు ఉన్నట్టు చూపించే ప్రాసెసర్లు. దానికి తోడు, ఒక ప్రాసెసర్ మీద ఒకేసారి కొన్ని థ్రెడ్లను నడిపే ఎస్‌ఎంటీ ఒక్కో ప్రాసెసర్‌ను పవర్5లో రెండుగా, 2010 నాటి పవర్7లో నాలుగుగా, 2014 నాటి పవర్8లో ఎనిమిదిగా చూపించడం మొదలుపెట్టింది.

పవర్7 మీద ఒక పార్టిషన్‌ను తీసుకుందాం. ఎన్‌టైటిల్‌మెంట్ 2.0, వర్చువల్ ప్రాసెసర్లు 8, ఎస్‌ఎంటీ 4. ఆపరేటింగ్ సిస్టమ్‌కు 32 సీపీయూలు కనిపిస్తాయి. ఒరాకిల్ డేటాబేస్ తన సీపీయూ కౌంట్‌ను 32గా పెట్టుకుని, ఆ కాలపు వెర్షన్లలో ఒక్కో సీపీయూకు మామూలుగా రెండు చొప్పున, ఒక పెద్ద క్వెరీని 64 భాగాల దాకా చేసి ఒకేసారి నడపగలిగేది. పార్టిషన్లకు ప్రాసెసర్లను పంచే హైపర్‌వైజర్ మాత్రం ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి వాటాలు పంచుతుంది. 2.0 అంటే ఆ వ్యవధిలో మొత్తం 20 మిల్లీసెకన్ల ప్రాసెసర్ సమయం. ఎనిమిదింటికి సమానంగా పంచితే ఒక్కోదానికి రెండున్నర. అన్‌క్యాప్డ్, అంటే వాటా దాటి వాడుకోనిచ్చే, పార్టిషన్ అయితే పక్కవాళ్లు ఖాళీగా ఉన్నంతసేపు అంతకంటే ఎక్కువే దొరుకుతుంది కాబట్టి తేడా బయటపడదు. నెలాఖరున అందరూ ఒకేసారి పని మొదలుపెట్టినప్పుడే అసలు టెన్షన్. లాచ్ (ఉమ్మడి మెమరీని ఒకరి తర్వాత ఒకరు వాడేలా చూసే చిన్న తాళం) పట్టుకున్న సెషన్ రెండున్నర మిల్లీసెకన్లకే ప్రాసెసర్ వదులుకుని, తర్వాతి ఏడున్నర మిల్లీసెకన్లు ఆగిపోవచ్చు. ఆ లాచ్ కోసం చూసేవాళ్లు తమ వాటాను ఊరికే తిరగడంలో ఖర్చు చేస్తుంటారు. పనిభారం అంతగా పెరగకపోయినా వెయిట్లు, అంటే ఎదురుచూపులు, ఎందుకు పెరిగాయో అర్థం కాక, మంచి డీబీఏలు కూడా క్వెరీలను తిరగరాస్తూ కూర్చుంటారు. ఐబీఎం యూనిక్స్ అయిన ఏఐఎక్స్‌లో ఎల్‌పార్‌స్టాట్ కమాండ్ చూపించే ఫిజ్‌సీ (నిజంగా వాడిన ప్రాసెసర్ల లెక్క), ఎన్‌టైటిల్‌మెంట్‌లో ఎంత శాతం వాడారన్న అంకె, ఈ రెండూ చూడకుండా సీపీయూ శాతాన్ని నమ్మకూడదని నా గట్టి అభిప్రాయం.

మూడో లెక్క డబ్బుది. ఒరాకిల్ తన పార్టిషనింగ్ విధానంలో హార్డ్, సాఫ్ట్ అని గీత గీసింది: హార్డ్ అయితే ఆ భాగానికే లైసెన్స్ కొంటే చాలు, సాఫ్ట్ అయితే మొత్తం యంత్రానికీ కొనాలి. మైక్రో పార్టిషన్లలో క్యాప్డ్ (వాటా దాటనివ్వని) వాటినే హార్డ్ కింద ఒప్పుకుంటుంది. వర్చువల్ యంత్రాలు నడిపే వీఎంవేర్ సాఫ్ట్ కిందికి వస్తుంది. దాంతో చాలాచోట్ల లైసెన్స్ ఖర్చుకు భయపడి డేటాబేస్ పార్టిషన్‌కు క్యాప్ పెట్టేస్తారు. ఖాళీ ప్రాసెసర్లను పంచుకోవాలని పుట్టిన ఏర్పాటు, అవసరం ఎక్కువున్న డేటాబేస్‌కే అందకుండా పోతుంది. ఇది ఇంజినీరింగ్ నిర్ణయం కాదు. కానీ దాని బరువు మోసేది ఇంజినీర్లే.

2009లో 11జీ రిలీజ్ 2తో ఒరాకిల్ ఇన్‌స్టెన్స్ కేజింగ్ తెచ్చింది. డేటాబేస్‌లో వనరులు పంచే రిసోర్స్ మేనేజర్ ప్లాన్ నడుస్తుండగా సీపీయూ కౌంట్‌ను చేత్తో తగ్గిస్తే డేటాబేస్ ఆ హద్దు దాటదు. పై పార్టిషన్‌కు 8 పెట్టడం ఎన్‌టైటిల్‌మెంట్‌కు సరిపోతుంది, 2 ప్రాసెసర్లు ఒక్కోటి 4 థ్రెడ్ల చొప్పున. అదనంగా దొరికే సామర్థ్యం కూడా కావాలనుకుంటే ఇంకొంచెం పెంచుకోవచ్చు. ఎంత పెంచాలన్నది పక్క పార్టిషన్ల రద్దీ తెలిసినవాళ్లు చెప్పాలి. అందుకే డీబీఏ, సర్వర్ టీమ్ కూర్చుని మాట్లాడుకోకుండా ఈ అంకె పెట్టకూడదు.

ఈ చిక్కు ఐబీఎం యంత్రాలకే పరిమితం కాదు. లినక్స్ 2012లో 3.2 కెర్నల్‌తో సీపీయూ కోటాలు తెచ్చింది, కంటైనర్లలో (ఒకే హోస్ట్ యంత్రం మీద విడివిడిగా నడిచే అప్లికేషన్ పెట్టెల్లో) ఇప్పుడు వాడేది వాటినే. వ్యవధి సాధారణంగా 100 మిల్లీసెకన్లు. 64 కోర్ల హోస్ట్‌లో 4 కోర్ల కోటా ఉన్న కంటైనర్‌లో, హోస్ట్ లెక్కే చూసి 64 థ్రెడ్లు ఒకేసారి పని మొదలుపెడితే, 400 మిల్లీసెకన్ల కోటా ఆరు మిల్లీసెకన్లకు కాస్త అటూ ఇటుగా అయిపోతుంది. మిగతా 94 మిల్లీసెకన్లు అన్నీ ఆగాల్సిందే.