లేవగానే వంగి కాలివేళ్ళు ముట్టుకుంటున్నారా? పొద్దుటి స్ట్రెచింగ్ మీద అపోహలు - వాస్తవాలు

"లేవగానే పది సార్లు వంగి కాలివేళ్ళు ముట్టుకుంటున్నానండీ, అయినా నడుం నొప్పి తగ్గట్లేదు." ఫిజియోథెరపిస్టుగా ఈ మాట వారంలో రెండు సార్లయినా వింటాను. తగ్గకపోవడానికి ఆ వంగడమే కారణమేమో అంటే మాత్రం నా వైపు అదోలా చూస్తారు.

అపోహ: లేచిన వెంటనే బాగా వంగితే నడుం ఫ్రీ అవుతుంది.

వాస్తవం: రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున మనం రాత్రి కంటే ఒక సెంటీమీటరు పైచిలుకు పొడుగుంటాం (నమ్మకపోతే గోడకి ఆనుకుని పెన్సిల్ గీత పెట్టి చూసుకోండి). ఆ పెరిగిన దాంట్లో దాదాపు సగం లేచిన మొదటి గంటలోనే దిగిపోతుంది. ఈలోపే నడుం పూర్తిగా ముందుకు వంచితే ఆ ఉబ్బిన డిస్కు మీద సాయంత్రం వంగినప్పటి కంటే చాలా ఎక్కువ ఒత్తిడి పడుతుంది. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్నవాళ్ళని పొద్దున్నే వంగకుండా జాగ్రత్తపడమంటే నొప్పి తగ్గిందని 1998లో వచ్చిన ఒక అధ్యయనం చెబుతోంది.

మరి మన ఇళ్ళలో సరిగ్గా ఆ గంటలో జరిగేదేంటి? పొట్టి చీపురుతో వాకిలి ఊడవడం, కల్లాపి, మోకాళ్ళు మడవకుండా నడుం దగ్గర వంగి చుక్కల ముగ్గు, ఈలోపు పంపు వచ్చిందంటే బిందెలు. ధనుర్మాసంలో అయితే చెప్పక్కర్లేదు, ముగ్గు వీధి సగం దాకా పోతుంది. ఒకావిడకి నేను కొత్త ఎక్సర్‌సైజ్ ఒక్కటి కూడా చెప్పలేదు. కాఫీ తాగి, నిలబడి చేసే పనులు ముందు చేసుకుని, ముగ్గు ఒక గంట వెనక్కి జరపమన్నాను, పొడుగు కర్ర చీపురు కొనమన్నాను. "మా అత్తయ్య ఏమంటుందో" అని నసిగింది. మూడు వారాలకి మళ్ళీ వచ్చింది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ లేవగానే గోడ పట్టుకోవడం మానేసిందట. చీపురు ఇప్పుడు అత్తయ్యే వాడుతోందట.

సూర్యనమస్కారాలు మానేయాలా అంటే, అక్కర్లేదు. లేచిన కాసేపటికి చేయండి, నడుం నొప్పి ఉంటే పాదహస్తాసనంలో (నిలబడి వంగి పాదాలు ముట్టుకునే భంగిమ) మోకాళ్ళు కొద్దిగా మడవండి. లేవగానే చేయదగ్గది, కుక్కా పిల్లీ చేసేదే: పక్క మీదే చేతులు పైకి, కాళ్ళు కిందికి చాచి హాయిగా ఒళ్ళు విరుచుకోవడం. తర్వాత పాదాలు పైకీ కిందికీ ఓ ఇరవై సార్లు ఆడించి, పక్కకి తిరిగి చేత్తో ఊతం తీసుకుని లేవండి. బీపీ మందులు వాడేవాళ్ళు ఒక నిమిషం మంచం అంచున కూర్చుని నిలబడితే కళ్ళు తిరగడం తగ్గుతుంది.

అపోహ: నొప్పి పుట్టేదాకా లాగితేనే ఫలితం.

వాస్తవం: లాగుతున్నట్టు తెలియాలి, పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, అంతే. ఊపిరి బిగబట్టకుండా, ఊగకుండా 20 నుంచి 30 సెకన్లు, రెండు మూడు సార్లు. పెద్దవాళ్ళు ఒక నిమిషం దాకా ఉండొచ్చు. మొదటి కొన్ని వారాల్లో ఒళ్ళు వంగడం మొదలైందంటే కండరం పొడుగైందని కాదు, ఆ లాగుడుని నరాల వ్యవస్థ ఓర్చుకోవడం నేర్చుకుందని. నొప్పితో దాన్ని భయపెడితే కండరం ఇంకా బిగుసుకుంటుంది. లాగినప్పుడు మోకాలి కిందికి మంట, తిమ్మిరి పాకితే అది కండరం కాదు, నరం. ఆపేయండి.

అపోహ: వాకింగ్‌కి ముందు స్ట్రెచింగ్ చేస్తే మర్నాడు ఒళ్ళునొప్పులు రావు.

వాస్తవం: వచ్చేవి వస్తాయి, తేడా నామమాత్రం. పార్కు గేటు దగ్గర రెయిలింగు మీద కాలేసి వేలాడే బదులు ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవండి, లాగడం నడక అయ్యాక పెట్టుకోండి.

స్ట్రెచింగ్‌తో పొట్ట తగ్గుతుందా? తగ్గదు. ఎత్తు పెరుగుతామా? పెరగం, పైన చెప్పిన ఆ సెంటీమీటరు కూడా సాయంత్రానికి పోతుంది.

అపోహ: మడమ నొప్పికి మెత్తటి చెప్పులు తప్ప దారి లేదు.

వాస్తవం: పొద్దుటి స్ట్రెచింగ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మొదటి అడుగు మేకు మీద వేసినట్టుంటే, ఆ అడుగు వేయకముందే మంచం మీద కూర్చుని నొప్పి కాలు రెండో మోకాలి మీద పెట్టుకోండి. కాలివేళ్ళు చేత్తో పట్టుకుని మీ వైపు వంచండి, రెండో చేతి బొటనవేలితో అరికాలు తడిమితే తాడులా బిగుసుకున్న పట్టీ తగులుతుంది. పది సెకన్లు ఉంచి వదలండి, పది సార్లు. వారానికే విసుగొచ్చి మానేసేవాళ్ళే ఎక్కువ, దీనికి నెలలు పడుతుంది.

అపోహ: పొద్దున కీళ్ళు బిగుసుకుపోవడం వయసు వల్లే.

వాస్తవం: మోకాళ్ళ అరుగుదలైతే సాధారణంగా అరగంట లోపే సర్దుకుంటుంది. వేళ్ళు వాచి, గంటైనా పిడికిలి బిగించలేకపోతున్నారా? పాతికేళ్ళ కుర్రాడికి తెల్లవారుజామున నడుం నొప్పితో మెలకువ వచ్చి, లేచి అటూ ఇటూ తిరిగితే గానీ తగ్గట్లేదా? అది కీళ్ళవాతం రకమేమో చూడాలి. ముందు రుమటాలజిస్టు (కీళ్ళవాతం డాక్టరు), తర్వాతే నేను.